తిరిగి చెప్పని కొలత

జూన్ 4

మేస్త్రీ బావగారికి మరదలి నమస్కారాలు.

అక్క మోకాలికి పంపిన పట్టీ సరిపోయిందో లేదో ఎవరూ రాయలేదు. బిగుతుగా ఉంటే తిరిగి పంపమనండి, మారుస్తారు.

అసలు సంగతికి వస్తాను. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వడం అయ్యాక మిగతాది చదవండి. నేను చదువుకుందామనుకుంటున్నాను. ఆర్కిటెక్చర్‌లో పై డిగ్రీ, రెండేళ్ళు. సాయంత్రం తరగతులకు వెళ్ళి తెచ్చుకున్న డిగ్రీ ఉంది కాబట్టి అర్హత ఉందన్నారు. గరిష్ఠ వయసు అని దరఖాస్తులో ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను.

ఇరవై ఒక్కేళ్ళుగా ఈ ఆఫీసులో ఇంకొకళ్ళు అనుకున్న మెట్లూ, ఇంకొకళ్ళు అనుకున్న కిటికీలూ గీస్తున్నాను. నేను అనుకున్నది ఒక్కటి కట్టి చూడాలని ఉంది.

దరఖాస్తుతో పాటు, ప్లాను లేకుండా కట్టిన ఒక కట్టడాన్ని కొలిచి, గీసి పంపాలి. నాకు వెంటనే మీ పాల కేంద్రం గుర్తొచ్చింది. కాగితం ముక్క లేకుండా, చూపుతోనే కట్టారు కదా. మూతపడినా తాళం చెవి మీ దగ్గరే ఉందని అక్క రాసింది. నేను రాలేను. ఇక్కడ ఒక ఆసుపత్రికి డ్రాయింగులు గీసే పని నడుస్తోంది, మా ఆఫీసు పెద్దాయన ఒక్క రోజు కూడా వదలడు. మీరే కొలిచి పంపాలి. ఫోనులో అంకెలు చెబితే తప్పులు దొర్లుతాయి, కాగితం మీద రాయండి. ఆగస్టు ఇరవైకల్లా నా దరఖాస్తు చేరాలి.

అక్కతో మెల్లిగా చెప్పండి.

మీ మరదలు


జూన్ 13

పెన్సిలమ్మకు బావ రాయునది.

నవ్వాను. మీ అక్కా నవ్వింది. తరవాత లేచి వెళ్ళి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది, ఎందుకో నాకు చెప్పలేదు. పట్టీ సరిపోయింది. పెట్టుకోవడం లేదు, బీరువాలో దాచింది.

నలభై నాలుగేళ్ళకు సంచీ తగిలించుకుని పిల్లల మధ్య కూర్చుంటావా? నువ్వు గదిలోకి రాగానే వాళ్ళు టీచరనుకుని లేచి నిలబడితే ఏం చేస్తావు? కూర్చోండి అంటావా? ఉద్యోగం ఉంది, ఉండటానికి గది ఉంది, నిన్ను ఒక మాట అనే మనిషి లేడు. కుదురుగా ఉన్నదాన్ని ఎందుకు కదపడం అని నా మాట. పెద్దవాణ్ణి కాబట్టి చెప్పాను. వినవని కూడా తెలుసు.

పాల కేంద్రం కొలవడానికి అభ్యంతరం లేదు. మూడే గదులు, వరసగా. తూకం గది, పరీక్ష గది, క్యాన్ల గది. వెనక ఒక రేకుల కొట్టం ఉండేది. పందొమ్మిది రోజుల్లో లేపాను. కానీ టేపు ఒక్కడు పట్టే పని కాదు. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా టేపు సున్నా కొస దగ్గర కూర్చున్నదానివి, నీకు చెప్పాలా? ఒకరు సున్నా పట్టాలి, ఒకరు అంకె చదవాలి, చదివింది రెండోవారు తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పిన కొలతే కాగితం ఎక్కాలి. ముప్పై ఎనిమిదేళ్ళలో కట్టిన గోడ పడగొట్టుకోలేదంటే ఈ పద్ధతి వల్లే. మీ అక్క కూర్చుంటే లేవలేదు. సున్నా ఎవరు పడతారు?

మీ అక్క రాయమన్న మాట: వెళ్తే వెళ్ళు, తిండి మాత్రం మానకు.

బావ


జూన్ 22

బావగారికి,

వాళ్ళు లేచి నిలబడితే కూర్చోమంటాను. ఆ మాట మీరే అందించారు కదా.

ఒక మాట అనే మనిషి లేడన్నారు. నిజమే. మొన్న కొత్తగా చేరినతను, ఇరవై అయిదు ఉంటాయేమో, మెట్లు మలుపు దగ్గర తల తగలకుండా ఎలా తిప్పాలని నన్నడిగాడు. గీసి చూపించాను. మర్నాడు ఆ కాగితం మీద కింద అతని సంతకం ఉంది. నన్నెవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టి నా గదికి వచ్చేశాను. ఈ గదిలో కూడా ఇరవై ఒక్కేళ్ళు. ఇంటావిడ అద్దె చీటీ మీద నా పేరు రాయడం మానేసి చాలా కాలమైంది, 'మేడ మీద గది' అని రాస్తుంది.

సున్నా సంగతి నేను చూస్తాను. మా ఆఫీసులో ఒకావిడకు నెలాఖరులో మీ వైపు ప్రయాణం ఉంది. దారిలో దిగి ఒక పూట సాయం చేస్తావా అని అడిగాను, చూస్తానంది. వస్తే ఆమెను ఆటపట్టించకండి. మీ హాస్యం అందరికీ అరగదు.

మరదలు


జూలై 3

పెన్సిలమ్మకు,

నువ్వు పంపినావిడ వచ్చింది. మంచి పనిమంతురాలు. వచ్చినట్టు కబురు కూడా పెట్టలేదు, నేను తాళం తీసి లోపలికి వెళ్ళేసరికి వెనక తలుపు దగ్గర టేపు కోసం చెయ్యి చాపి ఉంది. గోడకు అవతల ఆమె, ఇవతల నేను, కిటికీలోంచి టేపు. ముఖం సరిగ్గా చూడలేదు, తల వంచి సున్నా మీదే కన్ను పెట్టింది. పనివాళ్ళంటే అలా ఉండాలి. టేపు కొసను ఎడమ బొటనవేలి గోటితో నొక్కి పడుతోంది. నీకు నేను నేర్పిన పట్టు. ఆఫీసులో అందరికీ నేర్పుతున్నావన్నమాట.

కొలతలు: బయటి పొడవు నలభై అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు. గోడలన్నీ తొమ్మిది అంగుళాలు. తూకం గది పద్నాలుగున్నర అడుగులు. పరీక్ష గది పది అడుగుల మూడు అంగుళాలు. క్యాన్ల గది పద్దెనిమిది అడుగులు. మూడింటి వెడల్పూ పన్నెండే.

ఆమె నాలుగో గది అని చెప్పింది: పొడవు తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు, వెడల్పు ఏడు అడుగుల పది. కిటికీ గట్టు నేల నుంచి మూడు అడుగుల రెండు. గోడకు ఒక మేకు, అయిదు అడుగుల ఒక అంగుళం ఎత్తున. ఇది ఆమె ఒక్కతే కొలిచింది. నేను అలిసిపోయి అరుగు మీద కూర్చున్నాను, ఆమె లోపలినుంచి చెప్పింది, నేను తిరిగి చెప్పి రాశాను. వెనక రేకుల కొట్టం అయి ఉంటుంది.

భోజనానికి రమ్మంటే పలకలేదు. తాళం వేసేసరికి లేదు. మీ అక్క ఇద్దరికి వండి కూర్చుంది, ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉంది. మనిషిని పంపేటప్పుడు కాస్త మర్యాద కూడా నేర్పి పంపు.

బావ


జూలై 12

బావగారికి,

మూడు గదులూ గీశాను. లోపలి కొలతలు, నాలుగు గోడల మందం కలిపితే సరిగ్గా నలభై అయిదు అడుగుల తొమ్మిది. అర అంగుళం కూడా తేడా లేదు. కాగితం లేకుండా కట్టిన మనిషికి కాగితం మీద ఇంతకన్నా మర్యాద చెయ్యలేను.

నాలుగో గది మాత్రం ఎక్కడా ఇమడటం లేదు. వెనక పెడితే వెనక తలుపు మూసుకుపోతుంది, పక్కన పెడితే తూకం గది గుమ్మం అడ్డొస్తుంది. రేకుల కొట్టానికి కిటికీ ఎందుకు పెట్టారు?

ఇంకో సంగతి. మా ఆఫీసు ఆవిడ ప్రయాణం మానుకుంది. తల్లికి ఒంట్లో బాగాలేదట, ఊరు దాటలేదు. మీరు ఎవరినో కుదుర్చుకుని నన్ను ఆటపట్టిస్తున్నారు. గోటి పట్టు, నా పట్టు అంటూ బాగానే అల్లారు. ఎవరో చెప్పండి, డ్రాయింగు మీద కొలిచినవారి పేర్లు రాయాలి.

నేను దరఖాస్తు పెడుతున్నట్టు పెద్దాయనకు తెలిసింది. కోప్పడలేదు. కూర్చోబెట్టి, ఉండిపోతే ఆసుపత్రి డ్రాయింగుల మీద నీ పేరు వేయిస్తాను అన్నాడు. ఇరవై ఒక్కేళ్ళకు మొదటిసారి. నేను కొత్త పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను, సగానికి తరిగిపోయింది.

నాలుగో గది మరోసారి చూడండి.

మరదలు


జూలై 22

మరదలికి,

నేను దేని మీదైనా హాస్యమాడతాను గానీ కొలత మీద ఆడను. అది నీకు తెలిసి కూడా ఆ మాట రాశావు. నేనెవరినీ కుదుర్చుకోలేదు.

నువ్వు చూడమన్నావు కాబట్టి మొన్న మధ్యాహ్నం వెళ్ళాను. ఆమె ముందే వచ్చి ఉంది. ఎవరు పంపారమ్మా అని అడిగాను. పలకలేదు. నాలుగో గది మళ్ళీ చెప్పు అన్నాను, దానికి వెంటనే చెప్పింది. గొంతు నీ గొంతులాగే ఉంది, జలుబు చేసినప్పటి నీ గొంతులాగ. పొడవు తొమ్మిది అడుగుల నాలుగు అంటుంది. పోయినసారి తొమ్మిది ఎనిమిది. ఒకే గది రెండుసార్లు కొలిస్తే తేడా రావడం నా చేతిలో ఇదే మొదలు. అయినా చెప్పింది కాబట్టి తిరిగి చెప్పాను, రాశాను. మిగతా అంకెలు మారలేదు.

తరవాత లేచి కట్టడం చుట్టూ తిరిగాను. రేకుల కొట్టం లేదు. పోయినేడాది గాలివానకు పడిపోయింది, నేనే మర్చిపోయాను. పునాది రాళ్ళు కూడా ఎవరో పట్టుకుపోయారు. మూడు గదులే ఉన్నాయి. మూడు గదుల్లోనూ ఎవరూ లేరు. వెనక తలుపు దగ్గర దుమ్ములో నా అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

మీ అక్కకు చెప్పలేదు. నువ్వు పంపలేదన్నది నిజమేనా? ఒట్టేసి రాయి.

బావ


ఆగస్టు 1

బావగారికి,

నిజమే. నేనెవరినీ పంపలేదు.

మీ ఉత్తరం చదువుతూ తల ఎత్తితే ఎదురుగా క్యాలెండరు ఉంది. మేకుకు వేలాడుతోంది. లేచి టేపు తీసుకున్నాను. మేకు నేల నుంచి అయిదు అడుగుల ఒక అంగుళం. కిటికీ గట్టు మూడు అడుగుల రెండు. వెడల్పు ఏడు అడుగుల పది. అది నా గది బావగారూ. ఊరందరి ఇళ్ళూ కొలిచాను గానీ నా గది నేనెప్పుడూ కొలుచుకోలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

పొడవు తొమ్మిది అడుగుల నాలుగు. రెండోసారి మీరు రాసిన అంకె.

ఇదివరకు తొమ్మిది ఎనిమిది ఉండేదని ఎలా తెలుసంటే, నేల బండలు. కిటికీ గోడ పక్కన వరసంతా నిండు బండలు ఉండేవి, ఊడ్చేటప్పుడు రోజూ చూసేదాన్ని. ఇప్పుడు ఆ వరస నాలుగు అంగుళాలు తక్కువగా ఉంది. కోసినట్టు కాదు. ముందునుంచీ అలాగే పరిచినట్టు, అంచున పాత సున్నం కూడా ఉంది. ఇంటావిడను పిలిచి చూపించాను. వానలకు చెక్క సామాను ఉబ్బుతుంది, అందుకే గది ఇరుకనిపిస్తుంది అంది. గదిలో ఉన్నది ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మంచం. కుర్చీ వెనక్కి లాగితే మంచానికి తగులుతోంది.

మీరు ఇక కొలవకండి. డ్రాయింగు కూడా వద్దు. నేను దరఖాస్తు పంపడం లేదు. ఈ పొద్దున్నే పెద్దాయనకు చెప్పేశాను, ఉండిపోతానని. సంతోషించాడు. అప్పటికప్పుడే ఒక కాగితం మీద నా పేరు వేయించి చూపించాడు. చిన్న అక్షరాలే, కానీ నా పేరే. మీరు చెప్పినట్టే చేశాను. కుదురుగా ఉన్నదాన్ని కదపడం వల్లే ఇదంతా మొదలైందనిపిస్తోంది.

అక్కకు చెప్పకండి.

మరదలు


ఆగస్టు 9

మరదలికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు అది రాసిన రోజే నేను ఒక తప్పు చేశాను, ముందు అది రాస్తాను.

ఆగస్టు ఒకటో తేదీన, మధ్యాహ్నం, పాల కేంద్రానికి వెళ్ళాను. ఆమె ఎవరో తేల్చుకుందామని వెళ్ళాను. ఆమె కనిపించలేదు, గొంతు ఒక్కటే లోపలినుంచి వచ్చింది. పొడవు ఎనిమిది అడుగుల ఒక అంగుళం అంది. నా నోరు నా మాట వినలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు, అంకె చెవిన పడితే తిరిగి చెబుతుంది. చెప్పాను. రాశాను కూడా.

ఇప్పుడు తేదీలు చూడు. పొద్దున్న నువ్వు పెద్దాయనకు ఉండిపోతానని చెప్పావు. మధ్యాహ్నానికి ఒక్కసారిగా పదిహేను అంగుళాలు పోయాయి. అంతకు ముందు నాలుగు పోయింది, నువ్వు పెన్సిలు చెక్కుతూ కూర్చున్న రోజుల్లో. కదపడం వల్ల మొదలైందని రాశావు. నాకు అలా కనిపించడం లేదు. గోడ ఎటు వంగుతోందో చూడటం నా పని, అంతవరకు నా మాట నమ్ము.

మొదట్లో నిన్ను వద్దన్నది నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను మాట వెనక్కి తీసుకోవడం మీ అక్క పెళ్ళయిన నాటినుంచి చూడలేదట, రాస్తున్న ఈ కాగితం లాక్కుని మళ్ళీ మళ్ళీ చదివింది. అవును, ఆమెకు అంతా చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను. భయపడలేదు, కోపం వచ్చింది. చిన్నప్పుడు నువ్వు ఎండలో గంటలకొద్దీ సున్నా పట్టుకుని కూర్చుంటే ఎవరూ లేవమని చెప్పలేదు, ఆ పిల్ల ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉంది అంది. ఆమె అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాశాను.

దరఖాస్తు పంపు. ఇంకా పదకొండు రోజులుంది. కొలిచినవారి పేర్ల దగ్గర నా పేరు రాయి. రెండో పేరు ఖాళీగా వదిలెయ్యి.

మంచం అమ్మెయ్యి, కింద పడుకో.

బావ


సెప్టెంబరు 6

బావగారికి, అక్కకు,

మంచం అమ్మాను. అయినా చివరికి తలుపు సగమే తెరుచుకునేది, పక్కకు తిరిగి వెళ్ళేదాన్ని. ఇంటావిడ రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచి చూసి, నువ్వు లావయ్యావు అని వెళ్ళిపోయింది. నేను బరువు చూసుకున్నాను, మూడు కిలోలు తగ్గాను.

దరఖాస్తూ డ్రాయింగూ ఆగస్టు పద్దెనిమిదిన చేరాయి. మూడు గదులే గీశాను. ఈ నెల రెండో తేదీన ఇంటర్వ్యూకు పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు, అందులో పెద్దావిడ మీ కట్టడం డ్రాయింగు చాలాసేపు చూసింది. ఈ మేస్త్రీ ఎక్కడ చదివాడు అంది. చదవలేదన్నాను. తరవాత కొలిచినవారి పేర్ల దగ్గర వేలు పెట్టి, సున్నా ఎవరు పట్టారు అంది. నాకు తెలియదన్నాను. ఆవిడ తల ఊపి తరవాతి కాగితం తిప్పింది. మామూలుగా అడిగిన ప్రశ్నలాగే అడిగింది.

సీటు వచ్చింది. పెద్దాయనకు చెబితే, నా పేరు వేసిన కాగితం నా ముందే తీసి, పేరున్న గడిని బ్లేడుతో గీకి చెరిపేశాడు. గొడవేమీ చెయ్యలేదు. ఇరవై ఒక్కేళ్ళకు ఒక గడియారం ఇచ్చి పంపించాడు.

నిన్న గది ఖాళీ చేశాను. బల్ల బయటికి రాలేదు. లోపలికి ఎలా వెళ్ళిందో ఆ మనుషులకు అర్థం కాలేదు, అక్కడే వదిలేశాను. మేకు పీకి తెచ్చుకుందామనుకున్నాను. చెయ్యి పెట్టాక వద్దనిపించింది.

ఇక్కడ కాలేజీ వాళ్ళు గది ఇచ్చారు. పక్క గదిలో ఉన్న పిల్ల నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమన్నాను. బావగారు గెలిచారు.

టేపు సంచీ అడుగున పెట్టాను. ఈ గది కొలవను. మీరూ ఇక ఆ పాల కేంద్రం వైపు వెళ్ళకండి.

మరదలు


సెప్టెంబరు 19

మరదలికి బావ రాయునది.

పిల్లలు లేచి నిలబడ్డం వరకు నేను చెప్పినట్టే జరిగింది కాబట్టి, మిగతా తప్పులు కొట్టెయ్యి.

వెళ్ళొద్దన్నావు గానీ వెళ్ళవలసి వచ్చింది. ఆ కట్టడాన్ని ఎవరో కొన్నారు, నెలాఖరుకు తాళం అప్పగించాలి. లోపల నా తాపీలు, దారపు ఉండ ఉండిపోయాయి. మొన్న మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడే వెళ్ళాను. మీ అక్క తానూ వస్తానంది. నువ్విచ్చిన పట్టీ బీరువాలోంచి తీసి మొదటిసారి కట్టుకుంది. అంత దూరం నడిచి అరుగు మీద కూర్చుంది.

తాపీలు తీస్తుంటే గొంతు వచ్చింది. నాలుగో గది అంది. పొడవు చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. నీ పాత గది అంకె కాదు, అంతకన్నా పెద్దది, వేరే గదిది.

నోరు మూసుకున్నాను. పళ్ళు బిగబట్టాను. మళ్ళీ చెప్పింది. నువ్వు చిన్నప్పుడు నేను వినలేదనుకుని కాస్త గట్టిగా చెప్పేదానివే, అలాగ. మూడోసారి మెల్లిగా చెప్పింది. అంతసేపు సున్నా పట్టుకుంటే చెయ్యి నొప్పి పుడుతుంది. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. మీ అక్క బయట ఉండి విన్నది, ఆమె కూడా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాపీలు, దారపు ఉండ సంచీలో వేసుకున్నాను. అయిపోయిందనుకుని తాళం తీసుకున్నాను. అప్పుడు, ఇన్ని నెలల్లో మొదటిసారి, కొలత కాని మాట అంది.

"బావా, రాసుకున్నారా?"

రాసుకోలేదు. ఆ మాటకు జవాబు కూడా చెప్పలేదు. తిరిగి చెప్పని కొలత కాగితం ఎక్కదు, అది దానికీ తెలుసు, నేనే నేర్పాను. తాళం వేసి, మీ అక్కను పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేశాను. ఇంటికొచ్చాక మీ అక్క మూడు కంచాలు పెట్టి, తరవాత ఒకటి తీసేసింది.

చదువు బాగా చదువు. నువ్వు అనుకున్నది గీస్తే మొదట నాకు పంపు, తప్పులు చెబుతాను.

మీ అక్క నీ కొత్త గది ఎంత ఉందో రాయమంటోంది. రాయకు.

బావ